దారాలు పడ్డ కాళ్ళు

వాన పడుతూనే ఉంది. పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గర్నుంచీ 'మణిప్పుడవ' చీరల షాపు మెట్లెక్కిన మనిషి లేడు. కర్కాటక మాసంలో కేరళలోని పెరింతల్మణ్ణలో పట్టుచీర కొనేదెవరు? పెళ్ళిళ్ళు లేవు, ఓణం ఇంకా దూరం, జనం ఇళ్ళలో కూర్చుని మందుగంజి తాగుతూ ఒంటికి నూనె పట్టించుకునే రోజులు. అయినా రెండో అంతస్తులో ఆడవాళ్ళందరూ ఎవరి కౌంటరు దగ్గర వాళ్ళు నిలబడే ఉన్నారు. ఎవరికోసమని అడక్కండి. మనిషొచ్చినా నిలబడాలి, రాకపోయినా నిలబడాలి. గోడకి ఆనకూడదు, బల్ల మీద చేతులు మోపకూడదు. చెప్పులు తగిలితే చీరలు పరిచే పరుపు మాసిపోతుందని వాటిని కిందే విప్పించేస్తారు. ఉత్త కాళ్ళు, వానాకాలపు పాలరాయి.

స్టూళ్ళు లేవా అంటే ఎందుకు లేవూ, ఉన్నాయి. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలుండాలని సర్కారు చట్టం తెచ్చిన ఏడాదే కౌంటరుకొక ప్లాస్టిక్ స్టూలు దింపించాడు యజమాని ముదలాళి. వాటి మీద చీరల పెట్టెలుంటాయి. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే పెట్టెలు కిందికి దిగుతాయి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఎక్కి కూర్చుంటాయి. ఆ షాపులో పెట్టెలకున్న సుఖం మనుషులకి లేదు.

సుహర ఒక కసవు చీరని మూడోసారి విప్పి మళ్ళీ మడత పెడుతోంది. మడతలో ఏ లోపమూ లేదు. చేతులు ఆడుతుంటే కాళ్ళు గుర్తురావని ఆమె కనిపెట్టిన ఉపాయం అది. జరీ అంచులు రెండూ కలిపి, మధ్యలో పల్చటి కాగితం పెట్టి, అరచేత్తో మెల్లగా దువ్వి, బరువంతా కుడికాలి మీంచి ఎడమకాలి మీదికి మార్చుకుంది.

"పీకుతోందా?" అంది పక్క కౌంటర్లోంచి విలాసిని, పెదాలు కదపకుండా. పైన కెమెరా ఉంది మరి.

"పీకడం కాదు చేచీ, మండుతోంది. మోకాలి వెనక మిరపకాయ నూరి పూసినట్టుంది," అంది సుహర. అక్కడ విలాసిని అందరికీ చేచీ, అక్క.

"పట్టీ కట్టావా?"

"కట్టా."

"గట్టిగా కట్టవే. వదులుగా కడితే దారాలు తొడకి పాకుతాయి."

దారాలంటే కాలి మీద దారాలే. ఎర్రగా, ఊదాగా, నీలంగా, చర్మం కింద ఎవరో సాలెగూడు అల్లినట్టుంటాయి. ఆ అంతస్తులో అవి పడని కాలు లేదు. మొదట చీలమండ దగ్గర ఒకటో రెండో కనబడతాయి, గోకితే పోతాయేమో అనిపిస్తుంది. తర్వాత మోకాలి వెనక గుంపుగా మొలుస్తాయి. చీరల మూటలకి చుట్టి వచ్చే నూలు పట్టీని మోకాలి కింద బిగించి కడితే చెడ్డ రక్తం పైకెక్కదని, దారాలు అక్కడితో ఆగిపోతాయని షాపులో అందరి నమ్మకం. సుహర పనిలో చేరిన కొత్తలో, లంచి గదిలో నేల మీద కూర్చోబెట్టి, ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని తొలిసారి పట్టీ కట్టింది విలాసినే. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలకి సుహర కడుతోంది.

విలాసిని కాలు దారాలు దాటిపోయింది. పిక్క మీద నరాలు వేలంత లావున మెలికలు తిరిగి, చీలమండ పైన లోపలి వైపు చర్మం నల్లబడి, అక్కడొక పుండు పడింది. అది మానదు. మానినట్టే పైన పొర కడుతుంది, రెండు వారాలకి మళ్ళీ నోరు తెరుస్తుంది. దాని చుట్టూ గుడ్డ చుట్టి, ఆపైన చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి దించి కట్టుకుని, "రండమ్మా, ఏ రంగు చూపించమంటారు?" అంటుంది. ఆ నవ్వుకి కస్టమర్లు వేరే కౌంటరుకి పోరు.

"భగీరథి ఈ వారంతో మానేస్తోందట, విన్నావా?" అంది విలాసిని.

వినకేం? వారం నుంచీ షాపంతా అదే మాట. భగీరథి కింద గల్లా దగ్గర కూర్చునే ఆవిడ. కూర్చునే ఆవిడ! మొత్తం మూడంతస్తుల్లో పనివాళ్ళు కూర్చునే కుర్చీ అదొక్కటే. భర్తకి కొల్లం బదిలీ అయింది, వెళ్ళిపోతోంది. కుర్చీ ఖాళీ అవుతోంది.

"నీకే ఇస్తారు చేచీ. నీ తర్వాతే ఎవరైనా."

"నేనడిగితే మేనేజరు సుధాకరన్ వింటాడా? నీ మాటైతే వింటాడు. నాకోసం ఒక్క మాట అడగవే సుహరా." అంతవరకూ పెదాలు కదపని మనిషి కెమెరా సంగతి మరిచిపోయి ఇటు తిరిగింది. "ఈ కాలితో ఓణం సీజన్ దాటలేను. నిజం చెబుతున్నా."

"అడుగుతాను చేచీ," అంది సుహర. అడగాలనే అనుకుంది కూడా.

మధ్యాహ్నం సుధాకరనే ఆమెని పిలిపించాడు. మేనేజరు గది మెట్ల కింద ఉంటుంది. లోపల అతనికి కుర్చీ, ఎదురుగా ఇంకో కుర్చీ. సుహర నిలబడింది.

"గురువారం మన షాపులో నరాల క్యాంపు పెడుతున్నాం. ఆసుపత్రి వాళ్ళొస్తారు, లేడీ డాక్టరు. ఆడవాళ్ళకి ఉచితంగా కాళ్ళు చూస్తారు. చూపించుకోడానికి వచ్చినవాళ్ళు చీర చూడకుండా పోతారా? ముదలాళి ఐడియా." టీ కప్పు మీది ఈగని తోలాడు. "చిక్కేమిటంటే మన ఊరి ఆడవాళ్ళు పదిమందిలో కాలు చూపించరు. ఒకళ్ళు ముందు కూర్చుంటే గానీ మిగతావాళ్ళు కదలరు. నీకు దారాలున్నాయిగా?"

సుహరకి తెలియకుండానే కాలు వెనక్కి పోయింది. "మీకెవరు చెప్పారు సార్?"

"లంచి గదిలో కెమెరా లేదనుకున్నావా? సరే విను. ఆ రోజు యూనిఫాం వద్దు. ఇంటినుంచి మంచి చీర కట్టుకుని కస్టమర్‌లా రా. అడిగితే ఇంట్లోనే ఉంటానను. షాపు పేరెత్తకు. భగీరథి కుర్చీ సోమవారం నుంచి నీది."

"కుర్చీ... విలాసిని చేచీకి ఇస్తారనుకున్నాం సార్. ఆవిడ నాకన్నా..."

"ఆవిడ కాలు చూస్తే జనం క్యాంపులోంచే కాదు, ఊళ్ళోంచే పారిపోతారు. నీ కాలు చూడ్డానికి బావుంటుంది." మంచి మాట చెప్పానన్నట్టు నవ్వాడు. "నీకొద్దంటే చెప్పు, మీ అంతస్తులోనే జసీలని అడుగుతా."

వద్దని ఎందుకు అనలేదో ఆ సాయంత్రం బస్సులో తనని తానే తిట్టుకుంటూ వెతుక్కుంది. వెతికితే దొరికింది కూడా. పోయిన వారం స్నానం చేస్తుంటే చీలమండ దగ్గర ఒక దారం చిట్లింది. నొప్పి లేదు, ఏమీ లేదు. చూసేసరికి బకెట్టు చుట్టూ నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. తల్లి, ఉమ్మ, పరుగెత్తుకొచ్చి తన తలమీది తట్టం చెంగుతో అదిమి పట్టుకుని, ఎంతసేపటికీ వదల్లేదు. వదిలితే మళ్ళీ వచ్చేది. "ఇంత రక్తం నిలబడినందుకేనా మోళే?" అని ముసలావిడ మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆ భయం ఇంకా పోలేదు. ఏ చీర చూపిస్తుండగానో, ఏ కొత్త పెళ్ళికూతురి ముందో, తెల్లటి పరుపు మీద చిట్లితే?

మర్నాడు విలాసిని అడిగింది. "అడిగావా?"

"ఇవాళ ఆయన చిరాగ్గా ఉన్నాడు చేచీ. చూసి అడుగుతా."

"తొందరేం లేదులే," అంది విలాసిని. టిఫిన్ డబ్బాలోంచి చేపముక్క తీసి సుహర అన్నం మీద పెట్టింది. అది గొంతు దిగడానికి సుహరకి గ్లాసుడు నీళ్ళు కావలసొచ్చాయి. షాపులో నీళ్ళు తాగరు, మాటిమాటికీ బాత్రూముకి పోనివ్వరు గనక. ఆ రోజు తాగింది.

గురువారం వాన కాస్త తెరిపిచ్చింది. కింది అంతస్తులో చీరల బల్లలు పక్కకి జరిపి కుర్చీలు వేశారు. పూలు, బ్యానరు, మూలన పెద్ద గుండిగలో మందుగంజి. పెళ్ళి తంతులా ఉంది. రెండో అంతస్తు వాళ్ళని కిందికి దింపి, వచ్చినవాళ్ళకి ట్రేలలో గంజి కప్పులు అందించమన్నారు. సుహర తన అక్క కూతురి నిశ్చితార్థానికి కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుని, తలమీద చెంగు లాక్కుని, వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మంలోంచి రావడం అదే మొదలు. పనివాళ్ళు సందువైపు తలుపులోంచి రావాలి.

ట్రే పట్టుకున్న విలాసిని ఆమెని చూసింది. సెలవు పెట్టిందనుకుందో ఏమో, కనుబొమలు ఎగరేసి నవ్వింది. సుహర చూపు తిప్పుకుంది.

డాక్టరు పేరు అనుపమ. చిన్న వయసు, ముక్కు మీద కళ్ళద్దాలు, విసుగు లేని గొంతు. ఎవరు ముందు వస్తారని అడిగితే వచ్చినవాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సుధాకరన్ దగ్గాడు. సుహర లేచి వెళ్ళి కూర్చుని, చీర మోకాలి దాకా ఎత్తింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. జనం మెడలు సాగాయి.

"భయపడకండి," అంది డాక్టరు, కాలు తన ఒళ్ళోకి తీసుకుని. అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టింది. "గుండె నుంచి కిందికి దిగడానికి రక్తానికి కష్టం లేదు. తిరిగి పైకెక్కడమే కష్టం. మనం నడుస్తుంటే పిక్క కండ పిండినట్టు బిగిసి దాన్ని పైకి తోస్తుంది. తోసింది జారిపోకుండా రక్తనాళంలో చిన్నచిన్న తలుపులుంటాయి. పైకి మాత్రమే తెరుచుకుంటాయి. మరి కదలకుండా నిలబడ్డామనుకోండి, పిక్క పని మానేస్తుంది. రక్తం కిందే నిలుస్తుంది. ఆ బరువుకి నాళాలు సాగి, తలుపులు సరిగ్గా మూసుకోవు. చర్మం కింద సన్న నాళాలు ఉబ్బి ఇలా పైకి కనబడతాయి. తల్లికుంటే కూతురికి రావచ్చు, కాన్పులవల్ల రావచ్చు, ఒళ్ళు బరువైనా రావచ్చు. చాలామందికి వీటివల్ల ప్రమాదం లేదు. కానీ ఈవిడకి లోపలి పెద్ద నాళం కూడా ఉబ్బుతోంది, చూడండి."

చూశారు. డాక్టరు వేలు మోకాలి కిందికి వచ్చి ఆగింది. చర్మంలో నొక్కుకుపోయిన గాడి, కాలి చుట్టూ కడియంలా.

"ఇదేమిటి? ఏం కడుతున్నారు?"

"పట్టీ... గుడ్డ పట్టీ."

"ఎందుకు?"

"పైకి పాకకుండా."

"అయ్యో, ఎవరు చెప్పారమ్మా మీకు?"

గంజి ట్రే సరిగ్గా ఎదురుగా ఉంది. దాని వెనక మనిషి మొహంలోకి సుహర చూడలేదు. "ఇంట్లో... పెద్దావిడ."

"ఆవిడకి చెప్పండి, ఇంకెవరికీ కట్టొద్దని. పైకి పోవలసిన రక్తానికి మీరే గుమ్మం మూసేస్తున్నారు. ఇది జబ్బుని పెంచుతుంది తప్ప ఆపదు. ఇలా చాలా ఏళ్ళు కట్టి, అలాగే నిలబడితే కాలు నల్లబడుతుంది, పుండు పడుతుంది, ఒక పట్టాన మానదు. దీనికి వేరే మేజోళ్ళుంటాయి, పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా." ఆమె తలెత్తింది. "మీరేం పని చేస్తారు?"

"ఇంట్లోనే ఉంటాను."

"ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటారు కదా. ఇది ఒక్కచోట గంటలకొద్దీ నిలబడ్డ కాలులా ఉందే?"

నిజం నాలుక మీదే ఉంది. అది ఎలా ఉందంటే, ఉమ్మేస్తే చాలు అన్నంత దగ్గరగా ఉంది.

"మావాళ్ళు వంటింటి పొయ్యి దగ్గర్నుంచి కదిల్తే కదా డాక్టర్!" అన్నాడు సుధాకరన్ వెనకనుంచి. అందరూ గొల్లున నవ్వారు. సుహర కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"అయితే పొయ్యి దగ్గర ఒక పీట వేసుకోండి," అంది డాక్టరు. "మధ్యమధ్యలో కూర్చోండి. కాలు ఎత్తి పెట్టుకోండి. ఇది మందుకన్నా ముందు."

సుహర లేవగానే ఆ కుర్చీ కోసం నలుగురు తోసుకున్నారు. సుధాకరన్ లెక్క తప్పలేదు. ఆమె చీర కిందికి జార్చుకుని పక్కకి వచ్చేసరికి ట్రే అడ్డమొచ్చింది.

"గంజి తీసుకోండి మేడమ్," అంది విలాసిని.

గొంతులో ఎత్తిపొడుపు లేదు. కస్టమర్లతో మాట్లాడే గొంతే. పక్కన సుధాకరన్ ఉన్నాడని, సుహర గుట్టు బయటపడకూడదని అలా అంది. సుహర కప్పు తీసుకుంది. సగం చీర మీదే ఒలికింది.

శుక్రవారం సుహర మళ్ళీ యూనిఫాంలో రెండో అంతస్తుకి వచ్చింది. కుర్చీ సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. జసీల మొహం తిప్పుకుంది. ఇంకొకత్తె, "మేడమ్ ఈ రోజు మన మధ్యకొచ్చారే!" అంది. విలాసిని మాత్రం సాయంత్రం దాకా ఏమీ అనలేదు. దిగేటప్పుడు మెట్ల మలుపులో, కెమెరాకి అందని చోట ఆగింది.

"సుహరా, నామీద కోపంగా ఉందా?"

"నాకా? నీమీదా?"

"నేనేగా నీకు పట్టీ కట్టింది. నా చేత్తోనే కట్టా. నీకూ, జసీలకీ, ఆ మానేసి పోయిన రుక్మిణికీ. మంచిదనే కట్టానే, ఒట్టు. నాకేం తెలుసు?" విలాసిని కళ్ళు నిండాయి. "నా కాలంటే సరే. మీ కాళ్ళు కూడా నేనే పాడుచేశాను కదే."

తను చేసిన ద్రోహానికి తిడుతుందనుకుంది సుహర. తిడితే బావుండేది, తను కాళ్ళ మీద పడేది. ఆవిడే క్షమించమని అడిగితే ఏం చెయ్యాలి? "చేచీ, ఆ కుర్చీ..." అని మొదలుపెట్టింది.

"నువ్వైనా కూర్చో," అంది విలాసిని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఒక్కళ్ళైనా కూర్చోండి." రెయిలింగ్ పట్టుకుని, పుండున్న కాలు ముందు దింపి, ఒక్కో మెట్టూ దిగిపోయింది.

సోమవారం సుహర గల్లా దగ్గర కూర్చుంది. మెత్తటి కుర్చీ, వెనక ఆనుకోవచ్చు. మొదటి గంట ఒంట్లో ఒక్కో ఎముకా విడివిడిగా నిట్టూర్చింది. సిగ్గులేని సుఖం! కాళ్ళు బల్ల కింద చాపి, ఒకదాని మీద ఒకటి వేసి, మండుతున్న చోటు మెల్లగా చల్లబడటం తెలుస్తుంటే ఆమెకి ఏడుపొచ్చింది.

భగీరథి కుర్చీకి ఎదురుగా ఏముంటుందో అంతవరకూ ఆమె ఎన్నడూ చూడలేదు. గల్లాపెట్టె పక్కన ఒక టీవీ తెర, దాన్నిండా చిన్నచిన్న గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో కౌంటరు, కౌంటరు వెనక ఒక్కో ఆడమనిషి. తెర ముందు వంపు తిరిగిన మైకు. ఇన్నేళ్ళూ పైన స్పీకర్లో గరగరమని, "రెండో అంతస్తు, సుహరా, గోడకి ఆనకు" అన్న గొంతు ఇక్కడినుంచే వచ్చేదన్నమాట. ఆ గరగర వినబడితే చాలు, పైన ఎవరికైనా వెన్ను దానంతటదే నిటారైపోయేది.

"డబ్బు తీసుకోవడం ఎవరైనా చేస్తారు," అన్నాడు సుధాకరన్. "వీళ్ళ వేషాలన్నీ నీకు తెలుసు. ఎవరెక్కడ ఆనుతారో, ఏ పెట్టె చాటున నక్కుతారో. అందుకే నిన్నేశా."

మొదటి రోజు సుహర తెరకేసి చూడలేదు. రెండో రోజూ చూడలేదు. మైకు వాడటం లేదేమని అడిగితే ఎవరూ కూర్చోలేదని చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, తల తిప్పకుండా ఉండలేక చూసింది. విలాసిని గడి. ఆవిడ తన స్టూలు మీది పెట్టెలు ఒక్కొక్కటే దింపుతోంది. దింపి, అటూ ఇటూ చూసి, కూర్చుంది. వంగి మోకాలి కింద పట్టీ ముడి విప్పింది. పట్టీని చుట్టచుట్టి పక్కన పడేసి, పుండున్న కాలు ఎత్తి చీరల మూట మీద పెట్టుకుంది. డాక్టరు చెప్పింది చెప్పినట్టు! తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళ పరిచయంలో విలాసిని కూర్చుని కళ్ళు మూసుకోవడం సుహర ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి పక్క గడిలో జసీల కూడా పెట్టె అంచు మీద మెల్లగా వాలింది. ఆ పక్క గడిలో ఇంకొకత్తె.

కూర్చోండి, కూర్చోండి, అనుకుంది సుహర లోపల.

"ఏంటది?"

సుధాకరన్ ఎప్పుడొచ్చాడో భుజం వెనకే నిలబడి ఉన్నాడు. "ఏమే, కళ్ళు పోయాయా? మైకు తియ్!"

సుహర మైకు తీసుకుంది. చెమట పట్టిన వేలితో మీట నొక్కింది. పైన స్పీకర్లు గరగరమన్నాయి.

"విలాసిని చేచీ," అంది. గొంతు మూడంతస్తుల్లోనూ మోగింది. "కూర్చోండి చేచీ, లేవకండి. జసీలా, నువ్వూ కూర్చో. అందరూ కూర్చోండి. స్టూళ్ళున్నాయి మనకి. కూర్చోండి."

తెర మీద విలాసిని ఉలిక్కిపడి లేచింది. లేవడంలో పుండున్న కాలు పెట్టె మూలకి కొట్టుకుంది. నొప్పికి మొహం ముడుచుకుపోయినా ఆగకుండా, పెట్టెలు ఎత్తి స్టూలు మీద పేర్చి, చేతులు ముందు కట్టుకుని నిటారుగా నిలబడింది. జసీల నిలబడింది. అన్ని గళ్ళలోనూ అందరూ నిలబడ్డారు. అంతకుముందు నిలబడే ఉన్నవాళ్ళు ఇంకాస్త సర్దుకుని నిలబడ్డారు.

"కూర్చోమంటున్నాను!" అని అరిచింది సుహర. ఇంకా బిగుసుకున్నారు.

తిట్టడానికి నోరు తెరిచిన సుధాకరన్ తెర చూసి ఆగిపోయాడు. మెల్లగా మైకు ఆమె చేతిలోంచి తీసుకుని మీట ఆపేశాడు. "గల్లా తాళం ఇచ్చి పైకి పో," అన్నాడు. కోపం కూడా పడలేదు. కోప్పడవలసిన అవసరం అతనికి కనబడలేదు.

సుహర చెప్పులు విప్పి మెట్లెక్కింది. విలాసిని కౌంటరు దగ్గర, తెల్ల పాలరాయి మీద, చీర అంచు కింద ఎర్రగా చిన్న మడుగు కడుతోంది. విలాసిని కదల్లేదు, కెమెరాకేసి చూస్తూ అలాగే నిలబడి ఉంది.

సుహర మోకాళ్ళ మీద కూర్చుని తన చీర చెంగుతో ఆ చోటు అదిమి పట్టుకుంది. "ఎందుకు లేచావు చేచీ? నా గొంతు గుర్తుపట్టలేదా?"

"పట్టానే."

"మరి? కూర్చోమన్నాను కదా. నిన్ను కూర్చోమనే చెప్పాను."

విలాసిని కిందికి వంగి చూసింది. ఆ మొహంలో నిష్ఠూరం లేదు. సుహర తనకోసం అబద్ధమాడుతోందని జాలి ఉంది.

"మైకులో కూర్చోమని ఎవరంటారే, పిచ్చిదానా," అంది. "లే, లే. ఎవరో మెట్లెక్కుతున్నారు."